నిలబెట్టలేకపోయిన హెలికాప్టర్

పేద ఇళ్ళ పిల్లల్లోంచి ఒక్కరిని ఎంపిక చేసి, హెలికాప్టర్ నడపడం నేర్పిస్తామని, ఖర్చంతా తామే భరిస్తామని హైదరాబాదులోని ఒక శిక్షణ సంస్థ పేపర్లో ప్రకటన వేసింది. అప్పటికి నాకు ఇరవై నాలుగో ఏడు నడుస్తోంది. ఇరవై నాలుగు నిండితే అర్హత లేదు. ఎవరికైనా అవకాశం ఒక్కసారే. రాత పరీక్ష గట్టెక్కాను. డాక్టర్లు చేసిన పరీక్షలూ గట్టెక్కాను. ఇక సిమ్యులేటర్ పరీక్ష ఒక్కటే మిగిలింది. గదిలో కూర్చునే నడిపే బొమ్మ హెలికాప్టర్ అన్నమాట. దాన్ని ఐదొందల అడుగుల ఎత్తు నుంచి దించుకుంటూ వచ్చి, నేలకు పది అడుగుల పైన ఒక వలయం మీద అర నిమిషం కదలకుండా నిలబెట్టాలి. అంతే.

మా బాపు సిరిసిల్లలో సాంచల మీద పనిచేసేవాడు. మర మగ్గాలను మా దగ్గర సాంచలంటారు. నేను జగిత్యాలలో పెద్దమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదివాను. నాకు స్కూటీ నడపడం కూడా రాదు.

చాచా మాకు దొరకడం ఫ్రిజ్ పాడవడం వల్ల. కోరుట్లలో ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేసే దుకాణం ఆయనది. ఎవరో చెబితే పెద్దమ్మ జగిత్యాలకు పిలిపించింది. పని మధ్యలో నీళ్ళు తాగుతూ, బల్ల మీద ఉన్న నా పరీక్ష ఉత్తరం చదివాడు.

"ఇది ఎవలది బేటీ?"

"నాదే చాచా."

ఆయన ఆ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఇరవై ఏళ్ళు సైన్యంలో హెలికాప్టర్ మెకానిక్‌గా చేశానని అప్పుడు చెప్పాడు.

"ఎగురుడు ఎవలకైనా అస్తది," అన్నాడు. "నిలవెట్టుడే రాదు. మా దోస్తు ఒకడు గట్లనే పోయిండు. కొండ మీద దిగాలె. పైలట్ లివర్ లేపేవరకు ఆలస్యమైంది. నేను కిందనే నిలవడి చూస్తున్న."

చాచా మేనల్లుడు దుబాయి పోతూ ఒక కంప్యూటర్, ఆటలు ఆడే స్టిక్కు వదిలేసి పోయాడు. అందులో హెలికాప్టర్ నడిపే ప్రోగ్రామ్ ఉంది. పరీక్షకు ఇంకా రెండు నెలలుంది. రోజూ కోరుట్లకు వస్తే నేర్పిస్తానన్నాడు. స్టిక్కు ఉంది కానీ కాళ్ళ కింద తొక్కే పెడల్స్, ఎడమచేత్తో పైకి లేపే లివర్ లేవు. సంగతి తెలిసి బాపు, కార్ఖానాలో పక్కన పడేసిన సాంచ ఇనుము ఏరి, వెల్డింగ్ చేయించి, రెండు పెడల్స్, ఒక లివర్ బస్సు మీద పంపించాడు. చాచా వాటికి వైర్లు కలిపాడు. నొక్కితే కిర్రుమనేవి, కానీ పనిచేసేవి.

కష్టమేమిటో మొదటి వారంలోనే తెలిసింది. ముందుకు పోతున్నంతసేపూ ఎదురుగాలి హెలికాప్టర్ బరువును కొంత మోస్తుంది. ఆగుదామని వేగం తగ్గించేకొద్దీ ఆ సాయం పోతుంది. ఒక్క క్షణం వణుకుతుంది, ఆ వెంటనే రాయిలా కిందికి జారుతుంది. జారకముందే లివర్ లేపాలి. లివర్ లేపగానే ముక్కు పక్కకు తిరుగుతుంది. కాలితో ఆపాలి. కాలు వేసేలోపు స్టిక్కు వెనక్కి లాగి ఉన్నామని మరిచిపోతాం, అది తోక మీద వాలుతుంది. ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. రోజుకు ముప్పై నలభై సార్లు కూల్చేదాన్ని. తెర మీద నేల వచ్చి మీద పడేది. చాచా మళ్ళీ మొదటికి తెచ్చి పెట్టేవాడు.

"దగ్గర చూడకు. దూరం చూడు," అనేవాడు. "చేతులు గట్టిగ పట్టకు. పాలగిలాస పట్టినట్టు పట్టు."

ముక్కు సంగతి కూడా ఆయన చెప్పాడు. అది నేను దాచిపెట్టలేను. ఆ కంప్యూటర్లో లివర్ లేపితే ముక్కు కుడికి పోయేది. ఎడమ కాలు తొక్కాలి.

"మా దాంట్ల ఉల్టా ఉండె," అన్నాడు చాచా. "కొన్నిటికి పైన రెక్క ఇటు తిరుగుతది, కొన్నిటికి అటు. గందుకే ఏ కాలు అని యాది పెట్టుకోకు. ముక్కు ఎటు పోతుందో చూడు, దానికి ఎదురు కాలు వెయ్యి."

సరే అన్నాను. కానీ చూసి, ఆలోచించి, కాలు వేసేంత తీరిక ఆ రెండు సెకన్లలో నాకు దొరికేది కాదు. లివర్ లేపితే ఎడమ కాలు అని బట్టీ పట్టాను. రాత్రి పడుకున్నా ఎడమచెయ్యి, ఎడమకాలు కలిసి కదిలేవి. ఆ పద్ధతి పనిచేసింది. నెల తిరిగేసరికి పది సెకన్లు నిలబెట్టగలిగాను. చాచా గమనించాడో లేదో నాకు తెలియదు.

అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. జగిత్యాల నుంచి కోరుట్లకు ఆటోలు దొరికితే ఆటో, లేకపోతే ఎవరిదో ట్రాక్టర్, అదీ లేనినాడు ఎదురుచూపులు. బొగ్గు గనుల్లోనూ సమ్మె. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. రెండు గంటలు ప్రయాణం చేసి పోతే దుకాణంలో చాచా చేతులు కట్టుకుని కూర్చుని ఉండేవాడు. కరెంటు వచ్చిన గంటలోనే నేర్చుకోవాలి. సరిగ్గా వేగం తగ్గి, హెలికాప్టర్ వణికే చోటికి వచ్చేసరికి ఫ్యాన్ ఆగేది. కంప్యూటర్ కింద ఉన్న బ్యాటరీ డబ్బా కూతపెట్టేది. నాలుగు నిమిషాలే దాని ప్రాణం. ఆ కూత వింటూనే దించుకుంటూ వచ్చేదాన్ని. వలయం మీదికి చేరేలోపు తెర నల్లబడేది.

సమ్మె మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. రాష్ట్రం రావాలని నాకూ ఉంది. కాలేజీలో ఉన్నప్పుడు నేనూ రోడ్డు మీద కూర్చున్నాను. బాపు సిరిసిల్ల చౌరస్తాలో దీక్షా శిబిరంలో ఉన్నాడు. అయినా ఆ రోజుల్లో నల్లబడిన తెర ముందు కూర్చుని, ఇంకో నెల ఆగితే ఏం పోయేదని అందరినీ మనసులో తిట్టుకున్నాను. పరీక్ష వాయిదా వేయమని సంస్థకు రెండుసార్లు ఫోన్ చేశాను. రాలేనివాళ్ళు వదులుకోవచ్చని చెప్పారు.

పరీక్షకు ముందురోజు పొద్దున చాచా తన పాత స్కూటర్ మీద నన్ను ఎక్కించుకుని కోరుట్ల నుంచి బయల్దేరాడు. కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా మధ్యాహ్నానికి సిరిసిల్ల చేరాం. ఆ సాయంత్రం బాపు శిబిరంలో వాళ్ళను అడిగి ఒక చీటీ రాయించుకొచ్చాడు. "ఈ అమ్మాయి పరీక్షకు పోతున్నది, దయచేసి దారి ఇవ్వగలరు," అని కమిటీవాళ్ళు రాసి సంతకాలు పెట్టారు.

"ఆపితే ఇది చూపియ్యి బిడ్డా," అన్నాడు బాపు. "లొల్లి పెట్టుకోకు. మనోళ్ళే."

తెల్లవారకముందే హైదరాబాదుకు బయల్దేరాం. నాలుగు చోట్ల ఆపారు. నాలుగు చోట్లా చీటీ చదివి వదిలారు. ఐదోచోట రోడ్డు పొడవునా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. కిలోమీటరు మేర జనం. స్కూటర్ నడపనివ్వలేదు. దిగి నెట్టుకుంటూ పొమ్మన్నారు. చాచాకు అరవై దాటాయి. ఆయన హ్యాండిల్ పట్టుకుంటే నేను వెనక నుంచి నెట్టాను. పొయ్యిల పొగకు కళ్ళు మండుతున్నాయి. ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుంది.

"తిని పో బిడ్డా. ఉట్టిగ పోతవా?"

"పరీక్ష ఉన్నది అమ్మా. రెండు గంటలకు."

"తినకుంట ఏం పరీక్ష రాస్తవ్?"

ఆమె చెయ్యి వదల్లేదు. ఆకులో రెండు ముద్దలు పులిహోర పెట్టింది. నడుస్తూనే మింగాను. ఎండ ఎక్కుతోంది. గడియారం చూసుకోవడానికి భయమేసింది.

రెండుకు పది నిమిషాలుండగా సంస్థ దగ్గరికి చేరాం. రావాల్సినవాళ్ళలో సగం మంది రాలేదు. నా వంతు మూడోది. గదిలో నిజం హెలికాప్టర్ ముందుభాగం లాంటిది పెట్టి, చుట్టూ తెరలు కట్టారు. పరీక్ష పెట్టే ఆయన తెల్ల చొక్కాలో ఉన్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. అలవాటు పడడానికి రెండు నిమిషాలు ఎగరమన్నాడు. నేరుగా ఎగరడంలో ఇబ్బందేమీ లేదు. స్టిక్కు మెత్తగా ఉంది. మా సాంచ ఇనుము పెడల్స్ కంటే ఇవి వెన్నలా ఉన్నాయి. వస్తుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

దించడం మొదలుపెట్టాను. దూరం చూశాను. వేగం తగ్గుతూ వచ్చింది. వలయం ముందుకు జరిగి వస్తోంది. నలభై అడుగులు, ముప్పై అడుగులు. సీటు కింద వణుకు మొదలైంది. చాచా దుకాణంలో ఆ వణుకు తెర మీద చూశానే కానీ ఒంటికి తగలలేదు. లివర్ లేపాను. ఎడమ కాలు దానంతటదే పడింది.

ముక్కు ఎడమకే పోతోంది. నేను ఎడమకే తొక్కాను.

ప్రపంచమంతా ఒక్కసారిగా గిర్రున తిరిగింది. తప్పు అని తెలిసింది. తెలిసి కూడా ఇంకా గట్టిగా అదే కాలు తొక్కాను. ఆ ఒక్క సెకనులో నా కాలు నా మాట వినలేదు. తెరలు ఎర్రబడి ఆగిపోయాయి.

"సర్, రెక్క ఉల్టా తిరుగుతుంది దీంట్లో. ఇంకొక్కసారి ఇవ్వండి," అన్నాను.

ఆయన కాగితం మీద ఏదో రాస్తున్నాడు. "అందరికీ ఒక్కసారే అమ్మా," అన్నాడు. తలెత్తి చూసి, "లివర్ సరైన సమయంలో లేపారు. అది చాలామందికి రాదు," అన్నాడు. ఆ మాట విని లేచి బయటికి వచ్చాను.

చాచా గేటు బయట స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి దిగాడు.

"ఎడమ కాలు తొక్కిన చాచా. అది మీ దాని లెక్క ఉన్నది."

ఆయన మొహం తెల్లబోయింది.

"మీరు గట్టిగ చెప్పాల్సి ఉండె," అన్నాను. "రెండు తీర్లూ నేర్పాల్సి ఉండె."

అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. తప్పును ఎవరో ఒకరి మీద పెట్టకుండా ఆ నిమిషం నిలబడలేకపోయాను. ఆయన గుర్తు చేయలేదు. నేను చెప్పిన కదా బేటీ అని ఒక్కమాట అనలేదు. "అవు," అని స్కూటర్ తీశాడు.

సిరిసిల్ల చేరేసరికి బాగా చీకటి పడింది. బాపు శిబిరంలోంచి లేచి ఎదురొచ్చాడు. వెనక ఆయన తోటి సాంచలవాళ్ళు పదిమంది నిలబడి చూస్తున్నారు. నేను నోరు తెరిచేలోపు చాచా అన్నాడు.

"తప్పు నాదే అన్నా. నేనే ఉల్టా నేర్పిన. పిల్ల మంచిగనే చేసింది."

బాపు ఆయన వైపు తిరిగాడు.

"మిలిట్రీల చేసినోళ్ళు, అన్నీ ఎరుకుంటయి అనుకుంటిమి," అన్నాడు. అంతే అన్నాడు. కానీ ఇంటికి రమ్మని పిలవలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. నేను పక్కనే ఉన్నాను. కాదు బాపూ అనడానికి నాకు కావలసినంత సమయం ఉంది. అనలేదు. చాచా తలవంచుకుని స్కూటర్ తిప్పి వేములవాడ రోడ్డు పట్టాడు. పొద్దునుంచీ ఆయన ఏమీ తినలేదని తర్వాత గుర్తొచ్చింది.

జగిత్యాలకు తిరిగి వచ్చాక చాలా రోజులు గదిలోంచి బయటికి రాలేదు. పెద్దమ్మ అన్నం పళ్ళెం గడప దగ్గర పెట్టేది. పరీక్ష పోయిందన్నది ఒక బాధ. అది పగలు కొంత మరుపుకు వచ్చేది. రెండోది మరుపుకు రాలేదు. కళ్ళు మూసుకుంటే బాపు ముందు తలవంచుకుని నిలబడ్డ ఆయన కనిపించేవాడు. సమ్మె ముగిసింది, బస్సులు నడిచాయి. కోరుట్ల బస్సు ఇంటి ముందు నుంచే పోయేది. ఎక్కలేదు. ఇరవై నాలుగు నిండాయి.

ఐదు నెలల తర్వాత సిరిసిల్లకు పోయి ముందు బాపుకు చెప్పాను. చాచా సరిగ్గానే నేర్పాడని, వినకుండా బట్టీ పట్టింది నేనేనని. బాపు సాంచ ఆపి విన్నాడు. నన్ను తిట్టలేదు.

"గా దినమే ఎందుకు చెప్పలే?" అన్నాడు.

బాపు సాంచ మీద చెయ్యి వేశాడు.

"పోయి చెప్పు. నా మాటగ గూడ చెప్పు," అని మళ్ళీ సాంచ నడిపాడు.

మర్నాడు కోరుట్ల పోయాను. చాచా దుకాణం ముందు కూర్చుని కూలర్ మోటారు విప్పుతున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు. కూర్చోలేదు నేను.

"మీరు చెప్పిండ్రు చాచా. ముక్కు చూడుమన్నరు. నేనే వినలే. బాపుకు గూడ చెప్పిన. తప్పయిందని బాపు మీకు చెప్పుమన్నడు."

ఆయన మోటారులోంచి ఒక స్క్రూ తీసి మూతలో వేశాడు.

"తెలుసు బేటీ," అన్నాడు. "గంట సేపు ఎడమ కాలే ఆడిస్తుంటివి. నేను చూసిన. కరెంటు లేదు, టైము లేదు, పిల్ల భయపడతదని ఊకున్న. గందుకే తప్పు నాది గూడ ఉన్నది."

కాదని నేను, ఉందని ఆయన కాసేపు వాదించుకున్నాం. లోపల్నుంచి ఆయన భార్య చాయ్ పంపింది. చాయ్ తాగుతూ, ఇప్పుడేం చేస్తున్నావని అడిగాడు. బీఎడ్‌కు దరఖాస్తు పెట్టానని చెప్పాను. మంచిదన్నాడు. నేను గ్లాసు కింద పెట్టేసరికి ఆయన మళ్ళీ మోటారు మీదికి వంగాడు. నేను మూత పట్టుకుని, ఆయన అడిగినప్పుడల్లా ఒక్కో స్క్రూ అందిస్తూ, బస్సు వేళయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.