పెళ్ళికారు ముక్కు

మా అక్క పెళ్ళిలో నా చేతికి అప్పగించింది ఒక్కటే పని: పెళ్ళికొడుకుని ఊరేగించే మెరవణికి కారు. అది కూడా నేనే అడిగి తీసుకున్నాను. ఐదో తరగతిలో బడి వదిలేసి కలాసిపాళ్యం మోటారు షెడ్డులో స్పానరు పట్టినవాణ్ణి. నా చేత్తో తాంబూలం ఇస్తే తమలపాకు కూడా గ్రీజు వాసన కొడుతుందని మా అత్త అనేది. ఇంట్లో నవ్వించడానికి నేను, పనులకు వేరేవాళ్ళు. ఈ కారు ఒక్కటి సరిగ్గా నడిపిస్తే మా అక్కకు పనికొచ్చే తమ్ముడు కూడా ఒకడున్నాడని మగపెళ్ళివాళ్ళకు తెలుస్తుందని నా ఆశ.

కారు మా షెడ్డు మేస్త్రిది. యుద్ధానికి ముందటి ఇంగ్లీషు బండి. పెళ్ళిళ్ళకు బాడుగకు తిప్పేవాడు. దానికొక జబ్బు ఉండేది. ఊరి బయట యలహంక దాకా పరుగెత్తించినా చల్లగా ఉండేది గానీ, మేళం వెనక నిదానంగా నడవమంటే మరిగిపోయేది.

"ముసల్ది గదప్పా, నిలబెడితే కోపం వస్తాది" అని మేస్త్రి నవ్వేసేవాడు.

నేను వదల్లేదు. పరుగులో ఉంటే ఎదురుగాలి రేడియేటర్ని చల్లబరుస్తుంది. నిలబడితే లోపలి ఫ్యాను ఒక్కటే దిక్కు. కాబట్టి రోగం ఫ్యాను దగ్గరే ఉండాలి. చూస్తే నిజంగానే బెల్టు జారుతోంది. కొత్తది వేశాను. రేడియేటర్ని సోడా నీళ్ళతో కడిగితే ఎన్నేళ్ళదో బురద దిగింది. ఇంజను ఆపకుండా షెడ్డు ముందు నిలబెట్టి, పక్క హోటల్లో దోసె తిని, కాఫీలో చక్కెర లేదని సర్వరుతో గొడవపడి తిరిగొచ్చాను. వేడి చూపే ముల్లు ఉన్నచోటే ఉంది.

"ఇంక ఇది కారు కాదు మేస్త్రీ, మజ్జిగ కుండ" అన్నాను. ఇంటికి పోయి అదే అన్నాను. పెళ్ళికి పిలవడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అన్నాను.

ఇక మిగిలింది ముక్కు. రేడియేటరు ముందరి ఇనుప జాలి ఎప్పుడో ఎద్దులబండిని గుద్దుకుని సొట్టపోయి, తుప్పుపట్టి ఉండేది. పట్టుమగ్గాలున్న మగపెళ్ళివాళ్ళు ఆ ముక్కు చూస్తే మా పరువేం కావాలి? ప్రతి పెళ్ళికీ పూలంగడాయన దానిమీద ఒక తెర కట్టేవాడు. అరటి పట్టలు పరిచి, వాటిమీద మల్లెలు, కనకాంబరాలు కుట్టేవాడు.

"ఈసారి దట్టంగా కట్టన్నా, ఇనుము ఇంత కూడా కనపడకూడదు" అన్నాను.

"పట్ట మీద పట్ట వేస్తా పోప్పా, గాలి కూడా దూరదు" అన్నాడాయన.

దూరలేదు.

పెళ్ళినాటి సాయంత్రం బళేపేట గుడి దగ్గర మెరవణి బయలుదేరింది. ముందు మేళం, మేళం వెనక మా నాన్న, ఆ వెనక కారు. స్టీరింగు దగ్గర నేను, వెనక సీట్లో పెళ్ళికొడుకు, పక్కన వాళ్ళ పెద్దమ్మ. చిక్కపేట మలుపు చేరేసరికి ముల్లు ఎక్కసాగింది. కాసేపటికి బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది.

"ఏమప్పా, సాంబ్రాణి వేసినావా?" అంది పెద్దమ్మ.

"అవునత్తా, మీకు దిష్టి తగలకుండా" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

దిగి బానెట్టు ఎత్తాను. బెల్టు బిగువుగా ఉంది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు నా ముక్కుకి ఒక వాసన తగిలింది. ఉడికిన మల్లెల వాసన. ఫ్యాను లాగుతున్న కొద్దీ అరటి పట్టలు జాలికి అతుక్కుపోతున్నాయి. షెడ్డులో పరీక్ష చేసినప్పుడు పూలు లేవు. యలహంక పరుగులోనూ లేవు. పెళ్ళి పెళ్ళికీ మేమే దాని ముక్కు మూసి, ఊపిరెందుకు ఆడదని దాన్నే తిడుతున్నాం. ఈసారి మరింత గట్టిగా మూయమని చెప్పింది నేను.

కటింగ్ ప్లేయరు తీశాను.

"పెండ్లికొడుకు దిగకముందే పూలు తెంపుతావా! అపశకునం గదప్పా!" పెద్దమ్మ కేక వేసింది.

తెంపకపోతే ఇంజను పోతుంది. పోతే పెళ్ళికొడుకు బజారు మట్టిలో నడవాలి. పెళ్ళి జరిగే ఛత్రం గుమ్మంలో మేము కాళ్ళు కడిగేదాకా అతని పాదం నేల మోపకూడదు. మేళం ఆగిపోయింది. మా నాన్న వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ప్లేయరు ముడి దాకా తీసుకెళ్ళి ఆపాను.

కిటికీలోంచి పెళ్ళికొడుకు తల బయటపెట్టాడు. "తెంపొద్దులే. ముడి విప్పి తెచ్చి నా ఒళ్లో పెట్టు. పూలు నాతోనే ఉండాయి గదా పెద్దమ్మా, ఇంక అపశకునమేముండాది?"

వేళ్ళు కాలుతున్నా ఒక్కొక్క ముడీ విప్పాను. ఉడికిన పూలతెర నీళ్ళు కారుతూ అతని కొత్త పట్టుపంచె మీద చేరింది. అంగడివాళ్ళు బిందెతో నీళ్ళిస్తే, కారు చల్లబడ్డాక రేడియేటర్లో పోశాను. మళ్ళీ మేళం మొదలైంది. మిగతా దారంతా ముల్లు కదల్లేదు. తుప్పు ముక్కు ముందుకు చాచుకుని కారు బజారంతా ఊరేగింది. రెండు వైపులా అరుగుల మీది జనం పెళ్ళికొడుకుని కాదు, దాన్నే చూశారు. నేను రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు.

ఛత్రం గుమ్మంలో పళ్ళెం పెట్టారు. పెళ్ళికూతురి తమ్ముడే కాళ్ళు కడగాలి. వంగి కూర్చున్నాను. కళ్ళ ముందే పంచె మీద పసుపుపచ్చ మరక. చెంబు గడగడ అదిరి, నీళ్ళు పాదాల కంటే నేల మీదే ఎక్కువ పడ్డాయి.

"ఉండుండు బామ్మర్దీ, ఇంజను ఆపినావా?" అన్నాడతను, అందరికీ వినపడేలా.

గుమ్మం గొల్లుమంది. పెద్దమ్మ కూడా నవ్వింది. లోపల తెర వెనక మా అక్క నవ్వు వినపడింది. ఆ ఇంట్లో నవ్వించే పని నాది. ఆ రోజు అది కూడా నా చేతిలోంచి పోయింది. తల ఎత్తకుండా, ఎప్పుడో శుభ్రమైన పాదాలనే మళ్ళీ మళ్ళీ కడుగుతూ కూర్చున్నాను.