బర్తుల్ ఇంట్లో కునుకు తీస్తే పన్నే

బర్తుల్‌కి ఒకటే పిచ్చి. తన ఇంట్లో ఎవరు కునుకు తీసినా గుర్తింపు కార్డు అడిగి, అతిథిగా నమోదు చేసి, పర్యాటక పన్ను కట్టేస్తాడు. ఆ దీవిలో అందరూ ఇంటర్నెట్‌లో గదులు అద్దెకిచ్చేవాళ్ళే. మిగతావాళ్ళు పన్ను ఎగ్గొట్టడానికి ఉన్న అతిథుల్ని దాచేస్తుంటే, ఈయన లేని అతిథుల్ని పుట్టిస్తాడని పక్కింటి పెరినా వెక్కిరించేది.

ఓసారి చర్చి ఫాదర్ గారు బర్తుల్ ఇంట్లో చేపల పులుసు తిని కుర్చీలోనే గురక పెట్టారు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బర్తుల్.

"ఫాదర్, కార్డు?"

"నీ పెళ్ళి చేయించిందే నేనురా!"

"కాదన్నానా? గురక పెట్టారు కదా, ఇవ్వండి."

"దేవుడొచ్చి పడుకున్నా వదలవా?"

"ఆయనకి కార్డుండదు. బయట బల్లమీద పడుకోమంటాను."

ఈ కథ చెప్పి చెప్పి నవ్విన పెరినాకి నవ్వు లేని రోజొచ్చింది. పెళ్ళై కాపురానికొచ్చిన నాటినుంచీ అద్దెకున్న ఇల్లు. యజమాని దాన్ని పర్యాటకులకి రోజువారీ అద్దెకిస్తానని ఖాళీ చేయించాడు. ఆవలి ఒడ్డున వృద్ధాశ్రమంలో మంచం దొరికింది. కానీ భర్త సమాధి ఇక్కడే ఉండిపోతోంది. దానిమీద పువ్వు పెట్టేదెవరు? సంచీతో రేవులో నిలబడిందే గానీ, మాటిమాటికీ వెనక్కి ఊరివైపే చూస్తోంది.

ఓడ దిగేవాళ్ళ కోసం "గదులు కలవు" అన్న అట్టముక్క పట్టుకుని బర్తుల్ అక్కడే ఉన్నాడు.

"వదినా, సంచీ ఇటివ్వు. నా గది ఖాళీగా ఉంది."

"ఒకరి పంచన పడి ఉండమంటావా? అంతకంటే ఈ సముద్రంలో దూకడం నయం."

"పంచన ఎవరుండమన్నారు? కార్డు తియ్యి."

పెరినాకి ఒళ్ళు మండిపోయింది. "ఛీ! నా బతుకు బజారున పడ్డా నీకు కార్డే కావాలా?"

"కార్డిస్తే అతిథివి. పన్ను కట్టి పెట్టుకున్న అతిథిని దిక్కులేనిదని ఎవడంటాడో అనమను, చూస్తాను."

"అద్దె ఇచ్చుకోలేనయ్యా."

"అద్దె నా ఇష్టం. పన్ను సర్కారుది, అది నేను కడతాను."

పెరినా కార్డు అతని చేతిలో పెట్టి, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని భోరుమంది. ఓడ ఆమె లేకుండానే వెళ్ళిపోయింది.

వేసవి వచ్చింది. రెట్టింపు ఇస్తామని జర్మన్లు బతిమాలినా బర్తుల్ "గదిలో అతిథి ఉన్నారు" అంటున్నాడు. పెరినా దిగులు మాత్రం తీరలేదు. కిటికీలోంచి తన పాత ఇంట్లో కొత్త మొహాలు కనబడితే ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుంది. ఓ రోజు అలాగే తుడుచుకుని, గట్టిగా కేకేసింది.

"ఏమయ్యా ఇంటాయనా! అతిథికి చల్లారిన కాఫీ ఇస్తారా? ఇంటర్నెట్‌లో నీకు ఒక్క స్టారే ఇస్తాను, చూసుకో!"

"ఇచ్చుకో వదినా" అంటూ బర్తుల్ మళ్ళీ పొయ్యి వెలిగించాడు.