ముల్లు లేచేదాకా బండి ఇవ్వని మేస్త్రి

తెనాలిలో మా కారు మేస్త్రి గారు పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. గుండె ఆగిపోయిందట. ఆ సమయానికి రేపల్లెలో మా ఇంటి ముందు నా భార్య కారు స్టార్ట్ చేస్తోంది. వెనక సీట్లో ఏడేళ్ల పాప. తను బాపట్లలో టీచరు, పాప చదివేదీ ఆ బడిలోనే. మనిషి పోయాడన్న బాధ కంటే ముందు నాకు భయం వేసింది, ఇక ఈ బండిని ఎవరు చూస్తారని. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

అది పాత పెట్రోలు కారు. మొదటి ఓనరు మోజుపడి టర్బో పెట్టించాడు, నేను అంతకంటే మోజుపడి కొన్నాను. టర్బో ఇంజనులోకి గాలిని బలవంతంగా తోస్తుంది. దానికి తగ్గట్టు పెట్రోలు ఒత్తిడీ పెరగాలి. ఈ చిన్న విషయం నాకు తెలియదు. ఒకరోజు బానెట్ కింద వేలెడు రబ్బరు ట్యూబు చీలి బుస్సుమంటుంటే, దాన్ని పీకేసి, అది తొడిగి ఉన్న రెండు గొట్టాల మూతులకూ సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి తీగతో బిగించాను. చప్పుడు పోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

రెండు రోజుల తర్వాత భట్టిప్రోలు దగ్గర నా భార్య గడ్డి ట్రాక్టరును దాటబోతే, కారు సగంలో లాగడం మానేసింది. ఎదురుగా బస్సు. ఎలాగో వెనక్కి తగ్గింది. ఆ సంగతి నాకు పాప చెప్పింది, తను చెప్పలేదు.

మర్నాడే తెనాలి తీసుకెళ్లి, వాళ్లిద్దరూ రోజూ బాపట్ల వెళ్లే బండని, పాప చెప్పిన సంగతీ చెప్పాను. మేస్త్రి గారికి నిలబెట్టి చూసిన బండి మీద నమ్మకం లేదు. పూర్వం ఒక కారును షెడ్డులోనే చూసి పంపేస్తే, కాకుమాను దాటాక పిస్టన్ కరిగి ఓ కుటుంబం నడిరోడ్డు మీద దిగిపోయిందట. అప్పటి నుంచి పెట్రోలు ఒత్తిడి చూపించే గేజి పైపును బానెట్ సందులోంచి తెచ్చి, గేజిని అద్దానికి బయట టేపుతో అంటించేవారు. పెట్రోలు వాసన మనుషులుండే చోటికి రాకూడదనేవారు. పక్క సీట్లో కూర్చుని ముల్లు మీంచి చూపు తిప్పేవారు కాదు. ఆ పని అయ్యేదాకా టీ కూడా ముట్టేవారు కాదు.

నందివెలుగు రోడ్డులో నన్ను యాక్సిలరేటరు తొక్కమన్నారు. తొక్కాను. టర్బో అందుకుంది. ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆయన చెయ్యి నా మోకాలి మీద పడింది, ఆపమని.

షెడ్డుకొచ్చి బానెట్ ఎత్తి నా సైకిల్ ట్యూబు ముక్కలు చూశారు. తిడతారనుకున్నాను.

"గాలి ఇంత వస్తందని పెట్రోలుకి కబురు మోసేది ఈ ట్యూబే బాబూ. మీరు దాని నోరు కట్టేశారు. పెట్రోలు చాలకపోతే లోపల వేడి మండిపోద్ది. చప్పుడు చేసే బండికి భయపడక్కర్లేదండి, నోరు మూసుకున్నదానికి భయపడాలి."

కొత్త ట్యూబు వేసి మళ్లీ అదే రోడ్డుకు తీసుకెళ్లారు. తొక్కిన కొద్దీ ముల్లు లేచింది. అయినా మూడుసార్లు తిప్పించారు. నాకు విసుగొచ్చింది కూడా. ఇంకేం ఫర్వాలేదు, ధైర్యంగా పంపండి అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు చూసే వాళ్లిద్దర్నీ ఇన్నాళ్లూ ఆ కారులో పంపించాను. ఆయనకు భయమంటే తెలియదనుకున్నాను.

దినం రోజున వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, పాప బాగుందా అని అడిగారు. పాప సంగతి మీకెలా తెలుసమ్మా అన్నాను.

"ఆ ట్యూబు మార్చిన వారమంతా ఇదే గోల బాబూ. ఈపాటికి బాపట్ల చేరుంటారా, చేరారని ఆ బాబు ఫోన్ చేస్తాడేమో అని ఆ కాలవ వైపు కిటికీ దగ్గరే కూర్చుని టిఫిన్ ముట్టేవారు కాదు. మీరే చెయ్యొచ్చుగా అంటే, నేను చేస్తే అతను భయపడతాడే అన్నారు."

నేను ఒక్క రోజు కూడా ఫోన్ చేయలేదు. ఆ వారమంతా ఆయన ఆ కిటికీ దగ్గర, చల్లారిపోయిన ఇడ్లీల ముందు, మోగని ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు.