చెలమలో నీళ్ళు ఊరేలోపు

మా పక్కింటి జట్కా బాబాయ్ పోయాడు. నిన్న తెల్లవారుతుండగా పిన్ని గోడ అవతల నుంచి "అమ్మాయ్, మీ బాబాయ్ పలకట్లేదే" అని కేకేస్తే పరిగెత్తాను. అప్పటికే అంతా అయిపోయింది. వాళ్ళు సాయిబులు, మాకు చుట్టరికం లేదు. గోడ పక్క గోడ, అంతే. అయినా ఆయన నాకు బాబాయే.

బస్టాండు ఎదురుగా నా ఇడ్లీ కొట్టు. పొద్దున్నే ఇడ్లీ కొని గుర్రం నోటికి అందించేవాడు. "ముందు దానికి పెట్టమ్మా. లాగేది అది, నేను కూర్చునేవాణ్ణి" అనేవాడు. కొరడా కర్రని చక్రం పుల్లలకి ఆనించి టకటకలాడించడమే గానీ దెబ్బ వేసేవాడు కాదు. "బండెక్కిన మనిషికి బస్సు తప్పితే ఆ పాపం నాదే" అనేది ఆయన మాట. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఉలవలు కొనే స్తోమత ఆయనకి లేదు. వాగు పక్కన పల్లంలో ఊటనేల ఉండేది. ఎండాకాలంలోనూ అక్కడ గడ్డి దొరికేది. ఆ గడ్డి లేకపోతే గుర్రం లేదు, గుర్రం లేకపోతే వాళ్ళింట్లో పొయ్యి వెలగదు.

అక్కడ గోడౌన్లు కడతామని బయటివాళ్ళు వచ్చారు. అదంతా మెట్ట అని వాళ్ళు, కాదు ఊటనేల అని మేము. ఊటనేలైతే కట్టడానికి వీల్లేదు. తగువు ముదిరితే హద్దు తేల్చడానికి సర్వే సార్లు ఇద్దరొచ్చారు. రావడం రావడం రోహిణి కార్తెలో వచ్చారు, నేల నెర్రెలిచ్చి ఉన్నప్పుడు! బస్టాండు నుంచి వాళ్ళని తీసుకొచ్చింది కూడా బాబాయే.

"సార్, ఒక్క చెలమ తవ్వుతానండి. నీళ్ళు పడితే ఊటనేలేనని రాసుకోండి" అని బతిమాలాడు.

"సరే తవ్వు. బస్సు టైముదాకా చూస్తాం" అన్నాడు పెద్ద సారు.

నడుం లోతు తవ్వాడు. మట్టి నల్లబడింది, చల్లబడింది. నీటిచుక్క లేదు. పలుగు పారేసి చేతుల్తో గోకాడు. గోళ్ళు చిట్లి రక్తం వచ్చింది. "కాసేపు ఆగండి సార్, ఊరుతుంది. మీ కాళ్ళు పట్టుకుంటానండి!"

పెద్ద సారు వాచీ చూసుకున్నాడు. "బస్సు పోతుందయ్యా. బండి కట్టు."

అక్కడే ఉన్న నేను ఉండబట్టలేక బాబాయ్ చెవి దగ్గరికెళ్ళి, "గుర్రం మొరాయించిందని చెప్పు బాబాయ్. బస్సు పోతే పోతుంది" అన్నాను.

"బండెక్కే మనుషులమ్మా" అన్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే కళ్ళెం అందుకున్నాడు.

నేను ఆ గుంట దగ్గరే కూర్చుండిపోయాను. ఆయన తిరిగొచ్చేసరికి అడుగున నీళ్ళు మెరుస్తున్నాయి. "బాబాయ్, పడ్డాయి!" అని అరిచాను. సార్లకి చూపిద్దామని గుర్రం బకెట్టు నింపుకుని ఇద్దరం బండెక్కాం. దారి పొడుగునా గుర్రాన్ని కొరడాతో కొట్టాడు. కొడుతూ "యా అల్లా, ఆపు, ఆ బస్సునాపు" అని ఏడ్చాడు.

ఏనాడూ వేళకి కదలని ఆ బెజవాడ బస్సు ఆ రోజే కదలాలా! మేం వెళ్ళేసరికి బస్టాండులో దుమ్ము మాత్రం ఉంది.

మెట్ట అనే రాసుకున్నారు. హద్దురాళ్ళు పాతారు, మట్టి పోశారు, గోడౌన్లు లేచాయి. బాబాయ్ గుర్రాన్ని గంపలగూడెంలో ఎవరికో ఇచ్చేసి, ఆ గోడౌన్లలోనే బస్తాలు మోశాడు. నేను ఎన్నిసార్లు దెప్పినా "ఎక్కించుకున్నాక తప్పదుగా అమ్మా" అనేవాడు.

నిన్న ఆయన్ని సాగనంపి వచ్చాక, నాకు ఆ చెలమ తవ్విన సాయంత్రమే కళ్ళ ముందు ఆడుతోంది. బస్సు పోయిన రోడ్డుకేసి చూస్తూ బకెట్టు రెండు చేతుల్తో ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు. దెబ్బలు తిన్న గుర్రం మెడ చాచి ఆ బురదనీళ్ళు తాగడం మొదలెట్టింది. నేను బకెట్టు లాగబోయాను.

"తాగనియ్యమ్మా" అంటూ, దాని మూతికి అందేలా బకెట్టు ఇంకాస్త కిందికి దించాడు. అడుగు కనబడేదాకా తాగింది.