మా హాస్టల్లో ఓణీల ఫంక్షన్

పెళ్ళిచూపుల నాడు, అమలాపురంలో పిన్ని ఇంట్లో ఉండి చదువుకున్నానని చెప్పాను. అమలాపురంలో నాకే పిన్నీ లేదు. ఉన్నది సర్కారు హాస్టలు, అదీ అద్దె డాబాలో. ఒక అబద్ధానికి వంద అబద్ధాలు తోడు కావాలంటారు. నాకా కష్టం రాలేదు, మళ్ళీ ఎవరూ అడగలేదు.

హాస్టలు ఎత్తేశాక ఆ డాబాలో ధాన్యం బస్తాలు వేశారు. తర్వాత రొయ్యల మేత అమ్మారు. బస్సులో అటు వెళ్తూ ఆ వాసన తగిలితే ముఖం పక్కకి తిప్పుకునేవాణ్ణి, నన్నెవరో గుర్తుపట్టేస్తారన్నట్టు. ఈమధ్య మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి హాలు మాట్లాడానని మా మావగారు ఫోటోలు పంపారు. గోడలకి అద్దాలు, పైన ఏసీలు. అడ్రసు చూస్తే, అదే డాబా. వద్దంటే ఎందుకని అడుగుతారు. అందుకని బాగుందన్నాను.

అమ్మకి ముందుగా ఓ మాట చెప్పి ఉంచాల్సింది. ఏమని చెప్పను?

ఫంక్షన్ రోజు అమ్మ ఆటో దిగి ఆ గేటు దగ్గరే నిలబడిపోయింది. ఒకప్పుడు కూలిపని లేని ఆదివారాల్లో ఉప్పలగుప్తం నుంచి వచ్చి, ఆ గేటు దగ్గరే నిలబడి నాకు కబురంపేది. పాస్టరుగారి ప్రార్థన జరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకోకుండా గోడలే చూసింది. మా అమ్మాయి ఓణీ వేసుకుని కూర్చున్న స్టేజీ ఉన్నచోటే మేం చాపలు పరుచుకునేవాళ్ళం.

భోజనాల దగ్గర అమ్మ మా అత్తగారి పక్కన కూర్చుంది. ఎదురుగా నేను.

"ఇక్కడేనండీ వదినగారూ, మావోడు..." అని సంబరంగా మొదలుపెట్టింది.

"అమ్మా, ముందు అన్నం తిను" అన్నాను. గొంతు పెద్దదైంది. పక్క వరసవాళ్ళు తిరిగి చూశారు.

అమ్మ నా ముఖంలోకి చూసింది. అంతా అర్థమైపోయింది ఆవిడకి.

"ఇక్కడేంటండీ?" అన్నారు అత్తగారు.

"ఆయ్, ఏం లేదండీ. ఎక్కడో చూసినట్టుంటే పొరబడ్డానండీ. ఇలాంటి చోటికి మేమెప్పుడొచ్చేం లెండి" అంది అమ్మ.

మా అమ్మ నోట అబద్ధం వినడం నాకదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను. నిజం చెప్పడానికి అప్పటికైనా అడ్డమేమీ లేదు. అమ్మ విస్తట్లో ఇంకాస్త పెరుగు వెయ్యమని వడ్డించేవాళ్ళతో చెప్పాను.