చుక్క ఆగిపోయిన రోజు

“నీ చేతిపని వల్ల ఇంతవరకూ ఎవరైనా చచ్చారా?”

అడిగింది నోరీన్ ప్రూట్. డెబ్బై ఆరేళ్ల మనిషి. మోకాళ్లు సహకరించవు కాబట్టి తాము కాపురముండే చక్రాల ట్రైలర్ కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది. కింద కంకర మీద పనిసంచీ దించుతున్న వెల్డా క్రాండల్ తలెత్తకుండానే, “నాకు తెలిసి లేరు,” అంది.

“అయితే నువ్వే చూడు తల్లీ. ఈయన ఎవర్నో ఒకర్ని చంపేదాకా ఊరుకోడు.”

“నాకు వినపడుతోంది!” అన్నాడు ఆమె మొగుడు ఆర్లిస్, ట్రైలర్ వెనకనించి.

“వినపడాలనే అన్నాను.”

వెల్డాకి యాభై ఎనిమిదేళ్లు. నెబ్రాస్కాలో ఇరవై రెండేళ్లు స్కూలు బస్సులు బాగుచేసింది. ఆ షెడ్డు మూతపడ్డాక తన ట్రైలర్ లాక్కుని అరిజోనా ఎడారిలో ఈ సాల్ట్ వాష్ క్యాంపుకి వచ్చి, ఇక కదల్లేదు. చలికాలంలో ఇక్కడ నాలుగు వందల ట్రైలర్లు వరసలు కడతాయి. అన్నీ పాతవే, వాటిలో ఉండేవాళ్లూ అంతే. పత్రికలవాళ్లు ఏడాదికోసారి వచ్చి, ఇక్కడ ఎవరూ తలుపులకి తాళాలు వెయ్యరనీ, ఒకరి కష్టానికి మరొకరు పరిగెత్తుకొస్తారనీ రాసుకుపోతారు. అబద్ధం కాదు. కాకపోతే ఆ పరిగెత్తుకొచ్చినవాళ్లు బిగించినదాన్ని విప్పడమే వెల్డాకి సగం సంపాదన. సాయంత్రం నాలుగింటికి కుర్చీలు గుండ్రంగా వేసుకుంటారు, బీరు డబ్బాలు తెరుస్తారు. ఎవరో ఒకరు నా బండిలో ఫలానాది కారుతోంది అంటారు. అంతే, అయిదుగురు అయిదు మందులు చెబుతారు. అందులో ఇద్దరు అప్పటికప్పుడు పానాలు తెచ్చుకుంటారు కూడా.

ప్రూట్ల నీళ్లు కాచే గ్యాస్ హీటర్ కారడం మొదలై నెలైంది. క్యాంపుకి నీళ్లు ట్యాంకర్ల మీద వస్తాయి, అందుకని కారే బండిని ఉండనివ్వరు. మేనేజరు డ్వైట్ రెండుసార్లు హెచ్చరిక కాగితం అంటించి వెళ్లాడు. ఈ మధ్యాహ్నం మళ్లీ వస్తాడు. అప్పటికీ తడి కనిపిస్తే సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలి. ట్రైలర్‌ని లాగే ప్రూట్ల పికప్ ఇంజను పోయి మూడు నెలలు, ట్రైలర్ టైర్లు బీటలిచ్చాయి, వెళ్లడానికి మరో చోటు లేదు. అందుకే నోరీన్ మొగుడికి చెప్పకుండా వెల్డాకి ఫోన్ చేసింది.

“అనవసరంగా వచ్చావమ్మాయ్,” అన్నాడు ఆర్లిస్, చేతులు తుడుచుకుంటూ. “పొద్దున్నే నేనే బిగించేశాను. ఏడు చుట్లు టేపు వేశాను. చూసుకో, చుక్క లేదు.”

నిజంగానే చుక్క లేదు. కింద కంకర ఆరిపోయి ఉంది.

వెల్డా హీటర్ తలుపు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. రేకు పొయ్యి మీద పెనంలా ఉంది. లోపల మంట బుర్రుమంటోంది.

“ఎప్పట్నించి వెలుగుతోంది?”

“టేపు వేసిన దగ్గర్నించీ. రెండు గంటలైంది. నోరీన్ స్నానం చేస్తానంది.”

“రెండు గంటలా?”

“ఏమో. పాతది కదా, నిదానం.”

ఆరు గాలన్ల ట్యాంకు అది. ఇరవై నిమిషాల్లో కాగి, దానంతటదే ఆరాలి. ఆమె రేకు చివర పట్టి తలుపు తెరిచింది. అడుగున, నీళ్లు వదిలే చోట, పసుపుగా మెరుస్తూ ఇత్తడి బిరడా ఉంది. అల్యూమినియం ట్యాంకుకి కంపెనీవాళ్లు ప్లాస్టిక్ బిరడా ఇస్తారు, రెండు డాలర్ల వస్తువు. మగవాళ్లకి అది చూడగానే చిన్నతనంగా ఉంటుంది, గట్టి ఇత్తడిది తెచ్చి పెడతారు. రెండు లోహాల మధ్య వేడినీళ్లు చేరితే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. బిరడా చుట్టూ తెల్లటి పొక్కు కట్టి ఉంది.

“ఇత్తడి ఎవరిచ్చారు?”

“ఎదుటి ట్రైలర్ క్లీట్ ఇచ్చాడు. బంగారంలాంటి మనిషి, డబ్బు కూడా తీసుకోలేదు.”

ట్యాంకు ‘టిక్’ మంది. కాసేపాగి మళ్లీ ‘టిక్ టిక్’ మంది. వెల్డా ఏ హీటర్ దగ్గరైనా మొదట చేసే పని ఒకటే, పైన ఉన్న ప్రెషర్ వాల్వు మీట ఎత్తి ఆవిరి వదలడం. కుక్కర్ మీద వెయిట్ ఎందుకో అదీ అందుకే. మీట కోసం చెయ్యి జాపింది. మీట లేదు. వాల్వే లేదు. దాని చోట ఇనుప మూత బిగించి ఉంది.

“పెద్దాయనా, ఇదేమిటి?”

“అదీ కారేది. రెండేళ్ల కిందట మూసేశాం.”

“మంట ఆగకపోవడం?”

“మాటిమాటికీ ఆరిపోయేది. అక్కడేదో చిన్న స్విచ్చుంటే పోయిన నెల క్లీట్ రెండు తీగలూ కలిపేశాడు. అప్పట్నించి బ్రహ్మాండంగా వెలుగుతోంది.”

నీళ్లు కాగితే మంటని ఆపేది ఆ స్విచ్చే. ఈ నెల రోజులూ ఆ ట్యాంకుకి ఊపిరాడింది ఇత్తడి తినేసిన బిరడా మరల సందులోంచి పడే ఆ చుక్కల వల్లనే. ఆ సందుని ఆర్లిస్ పొద్దున్న ఏడు చుట్లు టేపుతో మూశాడు.

వెల్డా లేచి, పరిగెత్తకుండా, ట్రైలర్ ముందు కొసకి నడిచి గ్యాస్ సిలిండర్ మూసింది. మంట ఆగింది. టిక్కు ఆగలేదు.

“నోరీన్! వేడినీళ్ల కుళాయి ముట్టుకోవద్దు. ఉన్నపళంగా బయటికి రా.”

“ఉన్నపళంగా నేను దగ్గను కూడా దగ్గలేనే!”

వెల్డా లోపలికెళ్లింది. హీటర్ ఉన్నది నోరీన్ కూర్చున్న సోఫా కిందే. ఆమెని చంకల కింద పట్టుకుని లేపి మూడు మెట్లూ ఒక్కొక్కటే దింపుతుంటే, గోడ అవతల ఏదో వంగినట్టు లోతుగా చప్పుడైంది. ఆర్లిస్ కూడా ఆ చప్పుడు విని మొదటిసారి వెనక్కి జరిగాడు.

ముగ్గురూ రోడ్డుకి అవతల కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నాలుగు కాకుండానే జనం చేరారు. క్లీట్ తోట పైపు భుజాన వేసుకొచ్చి, “చన్నీళ్లు కొడితే నిమిషంలో చల్లారుతుంది,” అన్నాడు.

“ఆ పైపు విప్పావంటే నీ మెడకే చుడతాను.”

“సాయం చేద్దామని వస్తే ఇలా అంటావేం?”

“నీ సాయమే చల్లారాలని కూర్చున్నాం.”

మధ్యాహ్నం డ్వైట్ వచ్చాడు. ట్రైలర్ దగ్గరికి వెళ్లొద్దని వెల్డా అంటే దూరం నించే కంకర వంక చూసి, “తడి లేదు. ఉండొచ్చు,” అని కాగితం మీద రాసుకున్నాడు. ట్యాంకు సంగతి ఆమె చెప్పబోతే, “లోపలిది నా పని కాదు, నేను చూసేది కారడమే,” అన్నాడు. ఆర్లిస్ పందెం గెలిచినవాడిలా అందరివైపూ చూశాడు.

రేకు చేతికి చల్లబడేసరికి మూడు దాటింది. వెల్డా కుళాయి వదిలి, బిరడా విప్పింది. మరలు కూడా దాంతోపాటే తడిసిన సున్నంలా ఊడి వచ్చాయి. ట్యాంకు ఒక పక్కకి ఉబ్బి ఉంది.

“ఇది చచ్చింది. కొత్తది కావాలి, ఎనిమిది వందలవుతుంది.”

“జిగురుమందు పెట్టి మూసెయ్. క్లీట్ దగ్గరుంది.”

“పెట్టను.”

వాదన అనవసరమని ఆమె బర్నర్ విప్పి, గ్యాస్ గొట్టానికి మూత బిగించి, బర్నర్‌ని తన బండిలో పడేసుకుంది.

“అది నా సొత్తు! దొంగతనం!”

“పోలీసుల్ని పిలవండి. వాళ్లకి ఆ ఇనుప మూత కూడా చూపిద్దాం.”

నోరీన్ ఆ వారమంతా పొయ్యి మీద గిన్నెలతో నీళ్లు కాచుకుంది. ఆ గిన్నెలు మోస్తూ ఒకసారి పడబోయిందని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి రెండో వారంలో వెల్డా పనినించి ఇంటికొస్తూ వాళ్ల ట్రైలర్ ముందు బండి ఆపింది. ప్రూట్ల హీటర్ తలుపు మీద కొత్త మసి ఉంది. లోపల బుర్రుమంటోంది. ఎవరో పాత బర్నర్ ఇచ్చారు, ఎవరో జిగురు పెట్టారు, ఉచితంగానే. కిటికీ దగ్గరికెళ్లి పిలిచింది.

“వాల్వు పెట్టారా నోరీన్?”

“ఆయన్నడుగు తల్లీ. నా మోకాళ్లకి వేడినీళ్లు కావాలి, నన్ను తిట్టకు.”

ఆర్లిస్ తలుపు తియ్యలేదు. వెల్డా డ్వైట్ దగ్గరికెళ్లింది. అతను వచ్చి కంకర మీద వేలు రాసి పొడిగా ఉందని చూపించాడు. ఆమె తనిఖీలు చేసే కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసింది. మనిషిని పంపడానికి ఆరు వారాలు పడుతుందన్నారు. వాల్వు ఒకటి కొని, కాగితం సంచీలో పెట్టి, వాళ్ల మెట్ల మీద వదిలేసింది. మూడో రోజుకీ ఆ సంచీ అక్కడే ఉంది.

నాలుగో రోజు, ప్రూట్లకి రెండు ట్రైలర్ల అవతలున్న తన ట్రైలర్‌ని క్యాంపు రెండో కొసకి లాక్కుపోయింది. పక్కవాళ్లకి కూడా జరగమని చెప్పింది. వాళ్లు నవ్వి, మంచి ఇరుగుపొరుగుని వదిలి ఎక్కడికి పోతాం అన్నారు. పొద్దున్న టీ పెట్టుకునేటప్పుడు ఆమె ఇప్పుడు, చప్పుడైతే వినపడాలని, ఆ వైపు కిటికీ తెరిచే ఉంచుతోంది.

ఆనాటి పనికి ప్రూట్లు ఎనభై అయిదు డాలర్లు ఇంకా ఇవ్వాలి.