గంగక్క అడిగిన నెగెటివ్

రాయదుర్గంలో మేము పనిచేసిన జీన్స్ యూనిట్‌లో నలభై మంది ఆడపిల్లలం, ఒక్క గంగక్క. మేము కుట్టేవాళ్లం, ఆమె చెక్ చేసేది. జేబు కాస్త వంకరగా ఉన్నా, జిప్పు పట్టేసినా ప్యాంటు మా ఒళ్లో వచ్చి పడేది. "చెకింగ్ కాంది ప్యాకింగుకు పోదు" అనేది. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు వినేవాళ్లమంటే, ఇంట్లో అన్నం ఉడికిందా అని మెతుకు పట్టి చూసేటప్పుడు కూడా నా నోటికి అదే వచ్చేది.

2003లో ఒక సంస్థవాళ్లు వచ్చి, హెచ్ఐవి గురించి తోటి ఆడపిల్లలకు చెప్పడానికి మీలో ఒకరు ముందుకు రావాలన్నారు. మేమంతా తలలు వంచి, లేని పని కుట్టుకుంటూ కూర్చున్నాం. గంగక్క చెయ్యెత్తింది. మూడు రోజులు శిక్షణకు పోయి వచ్చాక ఇక మమ్మల్ని ప్రశాంతంగా అన్నం తిననిస్తే ఒట్టు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకోబోయే సమయానికి సరిగ్గా నిరోధ్ సంగతి ఎత్తేది. నా పక్క మిషను హేమకు ఒకరోజు పొలమారి నీళ్లు ముక్కులోంచి వచ్చాయి.

"ఏందమ్మే అంత సిగ్గు? రోగానికి లేని సిగ్గు మీకెందుకు?" అని కసిరేది. "దోమ కుడితే రాదు. చెయ్యి పట్టుకుంటే రాదు. ఒక క్యారియర్లో తింటే రాదు. కావాలంటే ఆ ఊరిబిండి ఇట్ల పెట్టండి, తిని చూపిస్తా" అని, మేము రోట్లో నూరి తెచ్చుకున్న చెనిక్కాయల పచ్చడంతా ఊడ్చేసేది. చివరికి మాత్రం తప్పకుండా ఒక మాట చెప్పేది. "పెండ్లికి ముందు పిల్లోనికి రక్తపరీక్ష చేయించల్ల. చెకింగ్ కాంది?"

"ప్యాకింగుకు పోదు!" అని నలభై గొంతులు అరిచేవి.

అందరికీ ఇంత చెప్పే మనిషి తన సంగతి వస్తే మాట మార్చేది. ఆమె భర్త లారీ క్లీనరు, ఊళ్లు పట్టి తిరిగినవాడు. నాలుగేళ్ల కిందట ఏదో జ్వరమన్నారు, చిక్కి చిక్కి చివరికి చనిపోయాడు. "నువ్వు చేయించుకున్నావా అక్కా పరీక్ష?" అని నేనొకసారి అడిగాను. "నాకెవడు పెండ్లి చేస్తాండాడే సుష్మా?" అని నవ్వి, నేను కుట్టిన ప్యాంటు వెనక్కి విసిరింది. దాంట్లో ఏ తప్పూ లేదు.

మరుసటి ఏడాది హేమకు సంబంధం వచ్చింది. కంబదూరు పిల్లవాడు, పేరు ఓబుళేసు. బోరు లారీ మీద పని. ఏడాదిలో పది నెలలు వేరే రాష్ట్రాల్లోనే ఉంటాడు. ఫోటో చూసిన రోజే హేమ పడిపోయింది. దాన్ని మిషను సొరుగులో దాచుకుని, ప్యాంటు కాలు ఒకటి కుట్టినప్పుడల్లా ఒకసారి సొరుగు లాగేది. కానీ గంగక్క పాఠాలు విన్న పిల్ల కదా, భయమూ పట్టుకుంది.

"అడిగితే సంబంధం పోతాదక్కా. అడక్కుంటే నాకు మనసు నిలవదు. నాకు ఆయప్పా కావల్ల, ఆ కాగితమూ కావల్ల. నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అని గంగక్క చెయ్యి పట్టుకుంది.

గంగక్క కొంగు బిగించింది. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి కంబదూరు ఫోన్ చేసి, పిల్లవాడి తండ్రి హనుమంతరాయుడిని పిలిపించింది. మేము పదిమందిమి బూత్ అద్దాలకు ముక్కులు ఆనించి నిలబడ్డాం. లైను ఒకటే గరగర. గంగక్క గొంతు చించుకుంది. "అన్నా, పిల్లోనిది నెగెటివ్ కావల్ల! నెగెటివ్ ఉంటేనే పెండ్లి!"

"అంతేనా తల్లీ! దానికేముండాది, నేనే తెచ్చిస్తా!" అన్నాడట ఆయన. మేము ఎగిరి గంతులేశాం. ఇంత మంచి మామ ఎవరికి దొరుకుతాడు! నేనైతే నోట్లో వేళ్లు పెట్టి ఈల కూడా వేశాను.

నాలుగో రోజు హనుమంతరాయుడు తెల్లపంచె కట్టుకుని, బస్సు దిగి నేరుగా యూనిట్ గేటు దగ్గరికి వచ్చాడు. జేబులోంచి ఒక కవరు తీశాడు. దాని మీద ఫోటో స్టూడియో పేరు. "స్టూడియోవాడు ఇయ్యనన్యాడు. కొట్లాడి తెచ్చినా. మీరు ఎంత పెద్దది కడిగించుకుంటారో కడిగించుకోండమ్మా" అన్నాడు గర్వంగా.

గంగక్క ఆ ఫిల్ము ముక్కను ఎండకు ఎత్తి పట్టింది. మేమంతా కింద నుంచి మెడలు సాచాం. నల్లని మొహం, తెల్లని మీసం, తెల్లని జుట్టు, నవ్వితే కనిపించిన నల్లని పళ్లు.

"ఏమే హేమా, నీ మొగుడు ముసలోడైనాడే!" అన్నాను నేను. అంతే. ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. పాపం, ఎందుకో తెలియకుండానే పెద్దాయన కూడా నవ్వాడు.

గంగక్క మాత్రం నవ్వలేదు. ఆయన్ను పక్కకు పిలిచి, అడిగింది ఏ నెగెటివో వివరంగా చెప్పింది. ఆయన మొహం మాడిపోయింది. "నా కొడుకు రక్తం మీద అనుమానమా? మీ పిల్లను మేమేమన్నా అడిగినామా?" అని ఫిల్ము లాక్కుని, పంచె ఎగ్గట్టి వచ్చిన దారినే పోయాడు.

ఆ వారంలో హేమ ఆరు సూదులు విరగ్గొట్టింది. "నీ చెకింగు నా పెండ్లిని చించి పెట్టిందక్కా" అని ఒకసారి అని, ఆ తర్వాత గంగక్కతో మాట్లాడటమే మానేసింది. గంగక్క వంకర జేబులు కూడా చూడకుండా పాస్ చేసేసింది. నాకు అందరి మీదా కోపం వచ్చింది, ముందుగా ఈలలు వేసిన నా మీద.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గేటు దగ్గర ఒకతను నిలబడ్డాడు. బోరు పాయింటు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. రాతిదుమ్ము పట్టి జుట్టు తెలుపు, మీసం తెలుపు.

"నెగెటివ్ వచ్చినాడు!" అని నేను కేక పెట్టాను. నలభై మిషన్లు ఆగిపోయాయి.

ఓబుళేసు దుమ్ము దులుపుకుంటూ నవ్వాడు. "నాయన చెప్పినాడు. మూడు దినాలు నాకూ కోపం వచ్చింది, ఆపైన నవ్వొచ్చింది. పరీక్షకు నేను వస్తానక్కా. కానీ ఒక మాట. ప్యాంటుకు రెండు కాళ్లు గదా? మీరు ఒక కాలే చెక్ చేసి ప్యాకింగుకు పంపిస్తారా?"

గంగక్క చేతిలో ఉన్న ప్యాంటు రెండు కాళ్లనూ మార్చి మార్చి చూసింది. హేమ నేల చూపులు చూస్తూ "నేనూ వస్తా" అంది. తర్వాత తలెత్తి, "నువ్వూ రావల్లక్కా" అంది.

"వస్తాలేవే, తోడుకు."

"తోడుకు కాదు. చెకింగుకు."

గంగక్క మమ్మల్నందరినీ ఒకసారి చూసింది. నవ్వుతుందనుకున్నాం. "సరే పదండి" అంది, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో.

ఆసుపత్రికి నేనూ పోయాను. ఫలితాలు ఒక్కొక్కరినే లోపలికి పిలిచి చెప్పారు. హేమా ఓబుళేసూ దొంగనవ్వులు నవ్వుకుంటూ బయటికొచ్చారు. ఎందుకైనా మంచిది, మూడు నెలలకు మళ్లీ ఒకసారి చేయించుకోమన్నారట, దాంతో పెండ్లి శ్రావణానికి పెట్టుకున్నారు. గంగక్క అందరికంటే ఆలస్యంగా వచ్చింది. గోడ పట్టుకుని నిలబడి, "మీ ఇద్దరిదీ నెగెటివ్. నాది కడిగిన ఫోటోనే" అంది.

నెగెటివ్ కాకపోతే పాజిటివ్ అని మాకు నేర్పిన మనిషే ఆమె. నా భుజం మీద తల పెట్టి నవ్వింది, ఆ నవ్వు అట్లాగే ఏడుపైంది. "నాలుగేండ్లుగా లోపల ఎరికే నాకు. చూసుకోను భయపడితి, అంతే" అంది. మందులింకా అక్కర్లేదు, క్రమం తప్పకుండా వచ్చి చూపించుకుంటే చాలు అన్నారు డాక్టరు.

మర్నాడు యూనిట్‌లో తన సంగతి తానే అందరికీ చెప్పింది. మధ్యాహ్నం మాత్రం మా మధ్యకు రాకుండా, తలుపు దగ్గర ఒంటరిగా కూర్చుని క్యారియర్ విప్పింది. ఎవరికీ ముద్ద దిగలేదు. హేమ లేచి పోయి ఆమె ఎదుట కూర్చుంది. గంగక్క రొట్టె తుంచి, గంగక్క ఊరిబిండిలోనే అద్ది నోట్లో పెట్టుకుంది.

"కారం ఎక్కువైంది. రిజెక్ట్!" అని అరిచింది.

మేమంతా ఒక్కసారిగా మీద పడ్డాం. "దొంగమొగాల్లారా, నాకేదే!" అని గంగక్క తిడుతూనే ఉంది. ఆ రోజు ఆమెకు తినడానికి ఒక్క ముక్క మిగలలేదు.